చక్రాలున్న ఏరేటర్

పులిమెట్ట ఘాటు రోడ్డు నాలుగో మలుపు దగ్గర సుభద్ర మేడం కారు ఇంజను చచ్చిపోయింది. సుఖంగా పోలేదు. ముందు లోపలెవరో రోకలితో దంచుతున్నట్టు నాలుగు దెబ్బలు వినిపించాయి. తర్వాత పెద్ద చప్పుడు. ఆ తర్వాత రోడ్డు మీద బారెడు నూనె చార. ముప్పై నాలుగేళ్ళు ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్సు చెప్పిన మనిషి గనక ఆవిడ కంగారు పడలేదు. కారు దిగి, బానెట్ ఎత్తి, నడుం మీద రెండు చేతులూ పెట్టుకుని, "ఇప్పుడా నీకు పోయేకాలం వచ్చింది?" అంది.

నిజంగానే అది పోవలసిన కాలం కాదు.

సోమవరపుపేటలో ఆ పసుపుపచ్చ హయాటో కారును ఎరగనివాళ్ళు లేరు. రెండే తలుపులు, టర్బో ఇంజను, నేలకి జానెడెత్తు. రేవులో పనిచేసిన జపాను ఇంజనీరు ఒకాయన పాతికేళ్ళ కిందట స్వదేశం పోతూ అమ్మేస్తే కొనుక్కుంది. "ఆడమనిషికి ఇంత స్పీడు బండి దేనికమ్మా?" అని అప్పటి ప్రిన్సిపాలు అడిగితే, "స్పీడుకి ఆడా మగా ఉండదు సార్, దూరాన్ని కాలంతో భాగించడమే" అని జవాబు చెప్పి, ఆ సాయంత్రమే భాగించి చూపించింది. ఏటా మాఘమాసంలో పులిమెట్ట మీదికి జరిగే కార్ల పోటీలో తొమ్మిది నిమిషాల పన్నెండు సెకన్లకు కొండెక్కి, ఆ రికార్డును పదకొండేళ్ళు తన పేరునే ఉంచుకుంది. రెండేళ్ళ కిందట ఓ సాఫ్ట్‌వేరు కుర్రాడు కొత్త కారులో వచ్చి ఆరు సెకన్లు తగ్గించి పట్టుకుపోయాడు. అందులో వాడి గొప్పేమీ లేదనీ, సగం పని కారులోని కంప్యూటరే చేసిందనీ మేడం అభిప్రాయం. ఆ ముక్క నిరూపించడానికి ఇదొక్కటే అవకాశం. అరవై రెండు నిండినవాళ్ళకు పోటీలో ప్రవేశం లేదు. ఆవిడకు వచ్చే చైత్రంలో నిండుతాయి. పోటీకి డెబ్బై రోజులుంది.

మెకానిక్కు నూకరాజు బండిని షెడ్డుకి లాక్కొచ్చి, ఇంజను కింద దూరి, కాసేపటికి మొహం వేలాడేసుకుని బయటికొచ్చాడు. పాతికేళ్ళుగా ఆ కారుకి వైద్యుడతనే.

"రాడ్డు ఇరిగి బ్లాకుని పొడిచేసిందండి. చూడండి, నా పిడికిలి దూరిపోతంది. దీన్ని అతికించడం బ్రెమ్మదేవుడి వల్ల కూడా అవదండి."

"మరేం చేద్దాం?"

"ఇదే మోడలు ఇంజను ఇంకోటి ఎతకాలండి. దొరక్కపోతే బండిని కోళ్ళగూడు చేసుకోవాలండి. ఆయ్."

వెతుకులాట మొదలైంది. కారు తయారుచేసిన కంపెనీకి ఉత్తరం రాస్తే, అలాంటి మోడలొకటి ఉండేదని గుర్తుచేసినందుకు కృతజ్ఞతలు తెలిపారు. చెన్నైలో పాత ఇంజన్లమ్మే ఒకాయన "కండిషన్ సూపర్ మేడం" అంటూ ఫోటో పంపాడు. ఫోటోలో ఇంజను మీద పిల్లి మూడు కూనలకు పాలిస్తోంది. ఢిల్లీ నుంచి లారీలో పెట్టె వచ్చింది. విప్పితే ట్రాక్టరు గేరుబాక్సు. బెంగళూరులో పూర్తిగా విప్పి కొత్తగా బిగించిందన్నారు గదాని ఇద్దరూ కలిసి బస్సెక్కి వెళ్ళారు. వెండిరంగు పూసి, పెళ్ళికూతుర్ని చేసినట్టు చేసి పెట్టారు దాన్ని. నూకరాజు గోటితో గీకితే రంగు కింద లప్పం ఊడొచ్చింది. పిస్టన్ను అటూ ఇటూ కదిపి చూసి, "మేడంగారండి, ఇందులో ఇంత ఖాళీ ఉందంటే, ఓ వాటా అద్దెకిచ్చుకోవచ్చండి" అన్నాడు.

ముప్పై రోజులు గడిచిపోయాయి. మేడం పోటీ సంగతి మాట్లాడడం మానేసింది. పొద్దున్నే నడకకు వెళ్ళే దారి కూడా మార్చుకుంది, పులిమెట్ట కనపడకుండా.

అప్పుడు నూకరాజు వాళ్ళ బావమరిది కూతురి ఓణీల ఫంక్షనుకని కొత్తమడలంక వెళ్ళాడు. వడ్డన సగంలో ఉండగా ఎడంచెవి నిక్కింది. దూరంగా, రొయ్యల చెరువుల వైపు నుంచి, సన్నటి ఈల. విస్తరి ముందునుంచి లేచిపోయి చెయ్యి కడుక్కోకుండానే ఫోను చేశాడు.

"మేడంగారండి, టర్బో కూత్తందండి! చెరువులో!"

మేడం దొరికిన బస్సెక్కి వచ్చేసింది. ఆ చెరువు ముదునూరి రంగరాజుగారిది. గట్టు మీద తాటాకుల పాక. పాకలో, సిమెంటు దిమ్మ మీద, బెల్టుతో ఏరేటర్ను తిప్పుతూ హయాటో ఇంజను. ఏరేటర్ అంటే చెరువు నీళ్ళను చిలికి రొయ్యలకు గాలి అందించే యంత్రం. అది గంటసేపు ఆగితే రొయ్యలు నీటి మీద తెల్లగా తేలతాయి, వాటితోపాటు రైతు కళ్ళూ తేలతాయి.

"రేవులో పాత ఇనుం వేలంలో దొరికిందండీ," అన్నారు రంగరాజుగారు. "నాలుగేళ్ళయింది. ఒక్కపూట కూడా నా రొయ్యల్ని ఊపిరాడకుండా చెయ్యలేదు. అది సరేగానీ ముందు భోంచేద్దాం రండి. ఇంజనెక్కడికీ పారిపోదు."

మేడం కదల్లేదు. తిరుగుతున్న ఇంజను మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడింది. ఆ వణుకు ఆవిడ ఎరిగినదే. రంగరాజుగారు ఆవిడ మొహం చూశారు. ఆ తర్వాత బేరమాడ్డానికి ఆయనకు మనసొప్పలేదు. దాని బదులు రెండు డీజిలు ఇంజన్లు, ఒకటాగితే రెండోది దానంతటదే అందుకునేటట్టు నూకరాజు బిగించి ఇచ్చే ఒప్పందం మీద, హయాటో ఇంజను చేతులు మారింది. దానితోపాటు కాగితాలూ, ఇంజనుకు రివిట్లు కొట్టిన ఇత్తడి బిళ్ళా వచ్చాయి. బిళ్ళ మీద 'ఏరేటర్ నం. 17' అని ఉంది. ఓ జాడీడు రొయ్యల పచ్చడి కూడా వచ్చింది.

ఇక మిగిలింది ఒక్కటే పని. కారు కాగితాల్లో పాత ఇంజను నంబరు కొట్టేసి కొత్త నంబరు రాయించాలి. అరగంట పని అనుకుంది మేడం.

ఆ పని చేసే చోటును వాహన స్వరూప నిర్ధారణ కార్యాలయం అంటారు. ఈమధ్యనే అక్కడి పెద్ద డైరెక్టరుగారు ఏదో చల్లటి కొండప్రాంతంలో వారం రోజుల శిక్షణకు వెళ్ళి, వస్తూ వస్తూ 'వాహనాత్మ విధానం' పట్టుకొచ్చారు. గోడల నిండా రంగు కాగితాలు అంటించారు. 'ఇంజనే ఆత్మ. బాడీ ఉత్త చొక్కా.' దొంగబండ్ల బెడద తీరాలంటే ఇదొక్కటే మార్గమట. బండి ఏదని అడిగితే ఇంజను చూపించాలి. ఇంజనెక్కడుంటే బండి అక్కడుంటుంది. ఇంజను ఏదైతే బండి అదే అవుతుంది.

ఈ విధానాన్ని జిల్లాలో అమలుచేసే బాధ్యత నిర్ధారణాధికారి వేమకోటి ధనుంజయరావుది. ఇస్త్రీ నలగని మనిషి. మాట్లాడుతుంటే ఫైలు చదువుతున్నట్టే ఉంటుంది.

"కారు ఇంజను మార్చాననుచున్నారు," అన్నాడు దరఖాస్తు చూసి. "ఇందులో భావదోషమున్నదమ్మా. ఇంజను మారదు. దాని చుట్టూ ఉన్నది మారును. ప్రస్తుతము మీ కారు ఎక్కడున్నది?"

"నూకరాజు షెడ్డులో, జాకీల మీద."

"అది కారు కాదు. ఆచ్ఛాదనము. మీ కారు, అనగా సదరు పాత ఇంజను, ఎక్కడున్నది?"

"అదీ షెడ్డులోనే ఉంది. మూలకి, పాత టైర్ల పక్కన."

ధనుంజయరావు కలం కింద పెట్టాడు. "నేల మీదనా? రిజిస్టరైన వాహనమును నంబరు ప్లేటు లేకుండా నేల మీద పడవేసినారా?"

మేడం తరగతిలో ఎప్పుడూ మొండి ప్రశ్నలకు భయపడలేదు. ఓపిగ్గా, "దానికి పిడికిలి దూరేంత చిల్లు పడిందండీ. అది చచ్చిపోయింది" అంది.

"మరణమును ధ్రువీకరించు అధికారము వాహన యజమానికి లేదు," అన్నాడు ధనుంజయరావు.

మర్నాడు పదింటికి తనే స్వయంగా తనిఖీకి వచ్చాడు. మూలన పడున్న ఇంజను చుట్టూ మూడుసార్లు తిరిగి తొమ్మిది లోపాలు రాసుకున్నాడు. నంబరు ప్లేటు లేదు. హారన్ లేదు. అద్దాలు లేవు. ప్రథమ చికిత్స పెట్టె లేదు. సీటు బెల్టు లేదు.

"సీటే లేదు కదండీ," అన్నాడు నూకరాజు.

"సీటు గురించి నిబంధనలలో లేదు. బెల్టు గురించి ఉన్నది."

వారం రోజుల్లో సరిచేసి వాహన సామర్థ్య పరీక్షకు హాజరు పరచకపోతే, కారు రిజిస్ట్రేషన్ రద్దయి, ఆ ఇంటిపేరున ఇంకే వాహనమూ నమోదు కాకుండా పోతుంది. నూకరాజు గొణుక్కుంటూనే ఇంజనును నాలుగు చక్రాల తోపుడుబండి మీదికెక్కించాడు. ముందొక ప్లేటు, వెనకొక ప్లేటు. అటూ ఇటూ అద్దాలు. అడ్డంగా, పసిబిడ్డను జోలెలో కట్టినట్టు, సీటు బెల్టు. పరీక్షా మైదానానికి ఇద్దరూ తోసుకుంటూ వెళ్ళారు. దారిలో ఓ పెద్దావిడ ఏదో దేవుడి ఊరేగింపనుకుని కొబ్బరికాయ కొట్టింది.

పరీక్షలో అది అదరగొట్టింది. బ్రేకులు చూశారు. నూకరాజు తోయడం ఆపగానే ఆగింది. "తక్షణ నిలుపుదల," అని రాసుకున్నాడు ధనుంజయరావు. వేగ నియంత్రణ చూశారు. ఎంత రెచ్చగొట్టినా పరిమితి దాటలేదు. పొగ కొలిచే మనిషి గొట్టం పెట్టి మీటరు చూస్తే సున్నా. మీటరు చెడిపోయిందేమోనని ఇంకోటి తెచ్చి పెట్టాడు. సున్నా.

"పదిహేడేండ్ల ఉద్యోగ జీవితమున ఇటువంటి వాహనమును చూడలేదు," అన్నాడు ధనుంజయరావు. ఆయన గొంతులో తడి ఉంది. అప్పటికప్పుడు ఐదేళ్ళకు యోగ్యతాపత్రం మీద సంతకం చేశాడు.

ఆ తడి ఆరకముందే మేడం అడిగింది. "మరి ఆ జాకీల మీదున్నదాని సంగతేంటండీ?"

"ఆత్మరహిత ఆచ్ఛాదనము నలుబది ఐదు దినములలో తుక్కుగా పరిగణింపబడి చూర్ణము చేయబడును. ఇంజను ఊడదీసిన పిమ్మట పదునెనిమిది దినములు గడిచినవి."

"దానికి ఆత్మ దొరికింది. రొయ్యల చెరువులోంచి తెచ్చాను. బిగిస్తే సరిపోతుంది కదా?"

ధనుంజయరావు ఇత్తడి బిళ్ళ నంబరు చూసి, లావుపాటి పుస్తకం తిరగేసి, చాలాసేపటికి తలెత్తాడు. "ఇంజను ఏదైన వాహనమదియే. ఇది ఏరేటర్. కావున, దీనిని బిగించిన పిమ్మట సదరు పసుపుపచ్చ వస్తువు కూడా ఏరేటరే అగును. ఏరేటర్లు మా పరిధిలోనికి రావు. జలచర సంక్షేమ కార్యాలయమునకు పొండి."

షెడ్డుకి తిరిగొచ్చాక మేడం పసుపుపచ్చ బానెట్ మీద మోచేతులు ఆనించి నిలబడింది. పోటీకి ఇంకా పన్నెండు రోజులే ఉంది. నూకరాజు టీ తెప్పించాడు.

"వదిలేద్దారండి," అన్నాడు మెల్లగా. "ఆళ్ళతో మనం ఏగలేం. కిందటేడు మా బావ గేదెని కొంటే దానికి కూడా..."

"నూకరాజూ, వాళ్ళు చెప్పినదాంట్లో తప్పేముంది?"

"అదేంటండి!"

"తర్కం సరిగ్గానే ఉంది. మొదటి వాక్యం ఒక్కటే పిచ్చిది. మొదటి వాక్యం ఒప్పుకున్నాక చివరిదాకా నడవాలి. ఇంజను బిగించు. మనం ఏరేటరే చేద్దాం." ఆవిడ కళ్ళలో, విద్యార్థులు పరీక్షల ముందురోజు చూసి దడుసుకునే వెలుగు కనపడింది.

జలచర సంక్షేమ కార్యాలయంలో అధికారిణి మట్టపర్తి హైమావతి. మేడాన్ని గుమ్మంలో చూడగానే, ఎంత వద్దనుకున్నా, లేచి నిలబడింది.

"మేడం, నేనండీ. సెకండియర్లో మీ పేపర్లోనే పోయాను."

"గుర్తుంది. ప్రయోగం చెయ్యకుండా రికార్డు రాశావు."

"అందుకేనండీ," అంది హైమావతి సిగ్గుపడుతూ, ఆ వెంటనే అధికారం తెచ్చుకుని. "ఇప్పుడు ప్రయోగం చెయ్యకుండా ఏ రికార్డూ రాయను. ఇది ఏరేటర్ అని ఇవ్వాలంటే నీటిలో ఆక్సిజన్ పెంచి చూపాలి. మీరైనా సరే మేడం."

మేడానికి ఆ మాట వినగానే ముప్పై నాలుగేళ్ళ జీతానికి ఇవాళ న్యాయం జరిగినట్టనిపించింది.

మర్నాడు హయాటో కారును లారీలో కార్యాలయం తొట్టి దగ్గరికి తెచ్చారు. కొత్త ఇంజను బిగించాక దాన్ని పదిమంది ముందు మొదటిసారి తిప్పడం అదే. ముందు తుమ్మింది, తర్వాత దగ్గింది, చివరికి గొంతు సవరించుకుంది. అందరూ పొగగొట్టం వైపు చూస్తున్నారు. మేడం మాత్రం ముందు భాగంలోంచి ఓ రబ్బరు గొట్టం లాగి తొట్టిలో వేసింది.

"పొగ కాదమ్మా, వెనక్కి జరగండి. టర్బో అంటే ఏమిటి? బయటి గాలిని పట్టి, నొక్కి, ఇంజనుకు తినిపించే పంకా. ఆ గాలిలో ఓ ముద్ద మనం పక్కకు తీసి నీళ్ళకు తినిపిస్తున్నాం. నూకరాజూ, నొక్కు."

నూకరాజు యాక్సిలరేటరు నొక్కాడు. తొట్టి బియ్యం ఎసరులా ఉడికింది. హైమావతి మీటరు ముంచి చూసింది. నాలుగు దగ్గరున్న అంకె ఏడుకి ఎక్కింది. రంగరాజుగారు సాక్షిగా వచ్చి, నీళ్ళు మొహాన చిందుతుంటే, "నా దగ్గరున్నప్పుడు ఇంత పొంగలేదండీ ఇది!" అని కాస్త చిన్నబుచ్చుకున్నారు.

ఆ సాయంత్రానికల్లా ధ్రువపత్రం వచ్చింది. 'ఏరేటర్ నం. 17. చక్రములు గల సంచార రకము. రంగు పసుపు.' కింద షరతులు. ఒక చెరువు నుండి మరొక చెరువుకు మాత్రమే తరలింపవలెను. జలచరములకు ప్రాణాపాయము కలిగిన సందర్భమున దొరికిన దారిన గరిష్ఠ వేగమున తరలింపవలెను.

మేడం రెండో షరతును రెండుసార్లు చదివింది.

"హైమా, పులిమెట్ట పైన మీ చేపపిల్లల చెరువొకటి ఉండాలి కదూ?"

"ఉందండీ. వానల్లేక నీరు తగ్గి, ఆక్సిజన్ పడిపోతోంది. రోజూ కొన్ని పిల్లలు తేలుతున్నాయి. కొండ మీదికి ఏరేటర్ పంపమని పైకి మూడుసార్లు రాశాను."

"పైనుంచేం రాలేదా?"

"ఎన్ని చేపపిల్లలు చచ్చాయో ప్రొఫార్మాలో నింపి పంపమన్నారు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తేదీ ఎవరూ పలకలేదు. హైమావతి అత్యవసర తరలింపు ఉత్తర్వులో ఆదివారం, ఉదయం తొమ్మిది గంటలు అని రాసింది.

ఆదివారం కొండ కింద ముప్పై రెండు కార్లు వరసకట్టాయి. ధనుంజయరావు పోటీకి పర్యవేక్షకుడిగా వచ్చాడు. పసుపుపచ్చ బండిని చూడగానే చెయ్యి అడ్డంపెట్టాడు.

"వాహనముల పోటీలో ఏరేటరునకు స్థానము లేదు."

నిర్వాహకుడు తన నియమాల కాగితం తీశాడు. నాలుగు చక్రాలుండాలి, స్టీరింగుండాలి, నడిపేవాళ్ళకు లైసెన్సుండాలి. వాహనమే అయ్యుండాలని ఎక్కడా రాయలేదు. ఇంతలో హైమావతి ఉత్తర్వు అందించింది. ధనుంజయరావు కింద ముద్ర చూసి, ముద్ర కింద ముద్ర చూసి, పక్కకు జరిగాడు. మరో శాఖ ముద్రను ప్రశ్నించే అధికారం ఆయనకు లేదు.

"మేడం," అంది హైమావతి అద్దం దగ్గర వంగి, ఈసారి నిజమైన భయంతో. "పొద్దున పైనుంచి ఫోనొచ్చింది. తేలుతున్నాయట. త్వరగా వెళ్ళండి."

జెండా పడింది.

మొదటి మూడు మలుపులూ మేడం ఏమీ ఆలోచించలేదు. నాలుగో మలుపులో మాత్రం కాలు దానంతటదే వెనక్కి రాబోయింది. రోడ్డు మీద డెబ్బై రోజుల నాటి నూనె మరక ఇంకా నల్లగా ఉంది. రోకలి దెబ్బల కోసం చెవి ఎదురుచూసింది. వినపడలేదు. రంగరాజు రొయ్యలకు నాలుగేళ్ళు రాత్రింబవళ్ళు ఊపిరి పోసిన ఇంజనుకు, తొమ్మిది నిమిషాల పని ఓ లెక్కలోది కాదు. కాలు మళ్ళీ నొక్కింది. ఈల లేచింది. వెనక చక్రాలు గులకరాళ్ళు చిమ్ముతూ జారితే, ఆవిడ స్టీరింగు జారిన వైపుకే తిప్పి, చీర కుచ్చిళ్ళు సర్దుకున్నంత తేలిగ్గా సరిచేసింది. పదకొండో మలుపులో లోయ, ఆకాశం, లోయ. పద్నాలుగులో ఆవిడ తను నవ్వుతున్నట్టు గమనించుకుంది. ఎప్పట్నుంచి నవ్వుతోందో తెలియలేదు.

గెలుపు గీత దగ్గర జనం చేతులూపారు. ఆవిడ ఆగలేదు. గీత దాటి, తుప్పల్లోంచి, చేపపిల్లల చెరువు గట్టు మీదికి పోయి అక్కడ ఆపింది. గొట్టం నీళ్ళలో వేసి, ఇంజను రేజు చేస్తూ కూర్చుంది. నీళ్ళు ఉడికాయి. కాసేపటికి, నోళ్ళు తెరుచుకుని పైన తేలుతున్న చేపపిల్లలు ఒక్కొక్కటే మూతి ముడుచుకుని లోపలికి జారుకోవడం మొదలుపెట్టాయి. నిర్వాహకుడు రొప్పుతూ పరిగెత్తుకొచ్చాడు.

"తొమ్మిది నిమిషాల మూడు సెకన్లు మేడం! రికార్డండీ!"

"ఉండవయ్యా," అంది ఆవిడ, నీళ్ళలోంచి చూపు తిప్పకుండా. "ఆ మూలవి ఇంకా తేలుతున్నాయి."

ఇది జరిగిన రెండు నెలలకు రహదారి భద్రతా పక్షోత్సవాలు వచ్చాయి. జిల్లా ఉత్తమ వాహనం ఎంపికలో పోటీయే లేకపోయింది. ఏడాదిలో ఒక్క ప్రమాదం లేదు, ఒక్క చలానా లేదు, పొగ సున్నా, వేగం సున్నా. నూకరాజు తోపుడుబండిని వేదిక మీదికి తోశాడు. పెద్ద డైరెక్టరుగారు చిల్లుపడిన ఇంజనుకు పూలదండ వేసి, శాలువా కప్పి, మైకు మేడానికిచ్చారు.

"ఇంత క్రమశిక్షణ ఎట్లు సాధించితిరో ప్రజలకు తెలుపవలసినదిగా కోరుచున్నాను."

"నడపలేదండీ," అంది మేడం. "అంతే."

సభలో జనం వేదిక వైపు చూశారు. తర్వాత డైరెక్టరుగారు చప్పట్లు కొట్టారు కాబట్టి అందరూ కొట్టారు. ఆయన అక్కడికక్కడే దాన్ని విధానంగా ప్రకటించారు. సోమవారం ఉత్తర్వులు వచ్చాయి. మార్పు తమ ఇంటినుంచే మొదలవ్వాలి గనక, ముందుగా కార్యాలయం జీపులు మూడింటికీ ఇంజన్లు ఊడదీసి, తోపుడుబండ్ల మీద పెట్టి, దండలు వేశారు.

బుధవారం మిట్టమధ్యాహ్నం మేడం రంగరాజుగారి చెరువుకు బయల్దేరింది. ఆయన డీజిలు ఇంజనొకటి మొరాయించిందని కబురు. ఊరి చివర బస్టాపులో, ఎండలో, చేతిలో నాలుగు ఫైళ్ళతో ధనుంజయరావు నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ మొత్తం నలిగిపోయింది. మేడం బండి ఆపింది.

"ఎక్కడికండీ?"

"కొత్తమడలంక. తనిఖీ ఉన్నది. బస్సు రాలేదు."

"నేనూ అటే. ఎక్కండి."

ధనుంజయరావు తలుపు మీద చెయ్యి వేసి ఆగాడు. ఆయన మొహంలో పుస్తకం పేజీలు తిరుగుతున్నాయి. "ఏరేటరునందు మనుషులను రవాణా చేయుట నిషిద్ధమమ్మా. జలచరములకు, వాటి మేతకు మాత్రమే అనుమతి ఉన్నది."

"మీ ఇష్టం." మేడం గేరు వేసింది.

ధనుంజయరావు రోడ్డు అటూ ఇటూ చూశాడు. బస్సు లేదు. మెడ మీద చెమట తుడుచుకున్నాడు. ఆ తర్వాత ఫైళ్ళు గుండెకు హత్తుకుని, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని, ఆ కురచ కారులో కూలబడ్డాడు.

"ఎవరైనా అడిగినచో," అన్నాడు ఎటో చూస్తూ, "నన్ను రొయ్యగా నమోదు చేసితిమని చెప్పుడు."

లంక దారి చెక్‌పోస్టు దగ్గర కానిస్టేబులు కాగితం తీసుకుని చదివాడు. వంగి లోపలికి చూశాడు.

"ఏరేటరాండి? మరి లోపలిదేంటండి?"

"రొయ్య."

కానిస్టేబులు ధనుంజయరావును పైనుంచి కిందికి చూశాడు. "బతికున్నదేనాండి?"

మేడం పక్కకు తిరిగి చూసింది. ధనుంజయరావు కళ్ళు గట్టిగా మూసుకుని, సీటు బెల్టు రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు.

"ఇప్పటికి బతికే ఉంది బాబూ," అంది. "అయితే ఊపిరాడ్డం లేదు. త్వరగా తీసుకెళ్ళాలి."

కానిస్టేబులు గేటెత్తాడు.